వెనక కూర్చున్న తిప్పక్క

కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలం. ఏళ్ళను రాసిపెట్టే అలవాటు జనానికి ఇంకా రాని కాలం. మీ అవ్వ పుట్టలేదు, అవ్వకు అవ్వ పుట్టలేదు. అప్పుడు పెన్నేటికి అవతల నల్లగుండ్ల అని ఒక ఊరు ఉండేది. ఎటు చూసినా రాళ్ళే. ఊళ్ళో సగం మంది రాళ్ళు కొట్టేవాళ్ళు, సగం మంది రాళ్ళు మోసేవాళ్ళు.

మోసేవాళ్ళలో తిప్పక్క అని ఒకామె ఉండేది. పెద్ద అందగత్తె కాదు, మాటకారి అసలే కాదు. ఆమె వీపు మాత్రం తలుపు చెక్కంత వెడల్పు. ఇద్దరు మగవాళ్ళు పట్టి ఎత్తే రాయిని తాడేసి వీపుకు కట్టించుకుని, ఒక్కతే కొండ దిగి వచ్చేది. దారిలో ఎవరైనా పలకరిస్తే తల ఊపేదే తప్ప ఆగేది కాదు. బరువుతో ఆగితే మళ్ళీ కదలడం కష్టం అనేది.

ఆమె మొగుడు ఓబన్న రాళ్ళు కొట్టేవాడు. రాతి మీద అరచెయ్యి పెట్టి, ఎక్కడ ఉలి ఆనిస్తే చీలుతుందో చెప్పగలిగేవాడు. అతను కొట్టేవాడు, ఆమె మోసేది. ఒకరంటే ఒకరికి ఇష్టంగానే ఉండేది. కానీ పెళ్ళయి మూడేళ్ళయింది, బిడ్డ లేదు. ఆరేళ్ళయింది, లేదు. తొమ్మిదేళ్ళయింది, లేదు. కొండ దేవరకు మొక్కుకుంది. పుట్ట చుట్టూ తడిబట్టలతో తిరిగింది. చేదు వేర్లు నూరి తాగింది. కడుపు మాత్రం పండలేదు.

ఆ ఊళ్ళో పిల్లల్లేని ఆడదానికి మూడు కట్టడులుండేవి. పురిటింటి గడప తొక్కకూడదు. బాలింతకు ఎదురు రాకూడదు. పసిబిడ్డను ముట్టకూడదు. తిప్పక్క ఏ వీధిలోనైనా నడుస్తుంటే, చంకలో బిడ్డ ఉన్న తల్లులు కొంగు కప్పుకుని లోపలికి పోయేవాళ్ళు. తిప్పక్క రాయి ఎత్తుకుంది, నడిచింది.

ఇంకో కట్టడి అందరు ఆడవాళ్ళకూ ఉండేది. నొప్పులొచ్చిన మనిషిని నులక మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. బిడ్డ బయటపడేదాకా లేవనివ్వకూడదు. ఎందుకని ఎవరూ అడగలేదు. అందరూ అట్లాగే పడుకున్నారు. కొందరు లేచారు, కొందరు లేవలేదు.

పదో ఏడు వచ్చేసరికి ఓబన్న తల్లి నరసమ్మ కొడుక్కి రెండో పెళ్ళి చేసింది. వచ్చిన పిల్ల పేరు చెన్నమ్మ. ఇరవయ్యేళ్ళది, సన్నగా జొన్న కంకి లాగా ఉండేది. ఇంట్లో అడుగుపెట్టిన మొదటిరోజే తిప్పక్క కాళ్ళకు దండం పెట్టి అక్కా అంది. మర్నాడు తిప్పక్క రాయి ఎత్తుకుంది, నడిచింది. కానీ సాయంత్రం కొండ దిగి వచ్చేటప్పుడు కొంగులో రేగుపళ్ళు తెచ్చి ఆ పిల్ల ఒళ్ళో పోసింది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా గొడవంటూ రాలేదు. గొడవ వస్తుందేమోనని ఎదురుచూసిన ఇరుగుపొరుగుకు అదొక లోటుగా ఉండేది.

ఏడాది తిరక్కుండానే చెన్నమ్మకు నెల తప్పింది. మూడో నెల నిండిన రోజు నరసమ్మ పెద్దకోడలిని దొడ్లోకి పిలిచింది. కసిరి చెప్పలేదు, మెల్లగానే చెప్పింది. బిడ్డ బయటపడేదాకా నీ నీడ దానిమీద పడకుండా ఉంటే మంచిదమ్మా అంది. ఎక్కడికి పోవాలి అని తిప్పక్క అడగలేదు. పుట్టింట్లో ఎవరూ మిగల్లేదని అత్తకూ తెలుసు.

ఆ వారమే ఊరి బయట సుగాలీల బిడారు దిగింది. ఎద్దుల మీద జొన్నలు వేసుకుని సముద్రం దాకా పోయి, తిరుగుదారిలో ఉప్పు తెచ్చే మనుషులు. ఆ బిడారుకు పెద్ద సోమ్లీ అనే ముసలామె. మూటలు మోయడానికి మనిషి కావాలా అని తిప్పక్క అడిగింది. సోమ్లీ ఆమె మొహం చూడలేదు. చుట్టూ తిరిగి వచ్చి వీపు చూసింది. రేపు తెల్లారి బయలుదేరుతున్నాం అంది.

అట్లా తిప్పక్క ఊరు దాటింది.

మొదట కొండలు తగిలాయి. వెదురు పొదల మధ్య ఒక గూడెంలో బిడారు ఆగిన రోజున, ఒక ఇంట్లో కోడలికి నొప్పులు వస్తున్నాయి. తిప్పక్క అలవాటు ప్రకారం దూరంగా పోయి నిలబడింది. కానీ ఆ కోడలు ఇంట్లో లేదు. బయట చెట్టు కింద నిలబడి, వంగిన కొమ్మను రెండు చేతులా పట్టుకుని, మోకాళ్ళు కొంచెం వంచి, అటూ ఇటూ ఊగుతోంది. ఆమె తల్లి కింద ఆకులు పరిచి చేతులు చాచి కూర్చుంది. పొద్దు రెండు బారలు ఎక్కేలోపు బిడ్డ ఆ అమ్మమ్మ చేతుల్లోకి జారింది. తిప్పక్క నోరు తెరిచి చూసింది. మీరు పడుకోబెట్టరా అని ఆ అమ్మమ్మను అడిగింది. ఆమె నవ్వి, పండు కింద పడాలంటే కొమ్మను నేలమీద పడేస్తామా అంది.

తర్వాత సముద్రం వచ్చింది. ఉప్పు కుప్పల దగ్గర ఎద్దులకు మూటలు కడుతుంటే, పక్కనే బెస్తవాడలో ఒకామెకు నొప్పులు మొదలయ్యాయి. ఆమె ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుంది. ముందు వలల కుప్ప పెట్టారు. దానిమీద రొమ్ము ఆనించి, వలలను పిడికిళ్ళతో పట్టుకుని, అల వచ్చినట్టు ముందుకు, అల పోయినట్టు వెనక్కు ఊగింది. మోకాళ్ళ మధ్య ఇసకలో గుంట తీసి మెత్తటి పాతబట్ట పరిచారు. బిడ్డ అందులోకి వచ్చింది. పడుకోబెట్టరా అని తిప్పక్క మళ్ళీ అడిగింది. తల్లి పడుకుంటే బిడ్డ ఒడ్డుకు ఎట్లా వస్తాడమ్మా, ఈదుకుంటూ వచ్చేవాడు గదా అన్నారు వాళ్ళు.

ఆ మధ్యాహ్నం తిప్పక్కకు ఏదో అయింది. ఆ తల్లి బిడ్డకు పాలిస్తూ పాడుతోంది. అది వింటూ ఉప్పు కుప్ప పక్కన కూర్చుని, చెన్నమ్మకు బిడ్డ నిలవకూడదు అనుకుంది. ఒక్కసారే అనుకుంది. అనుకున్నాక తనను చూసి తానే బెదిరింది. చుట్టూ చూసింది, ఎవరూ లేరు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఉప్పు మూట ఎత్తుకుంది, నడిచింది. కానీ ఆ రోజు నుంచి మూట దించినా వీపు మీద ఇంకేదో ఉన్నట్టే ఉండేది.

తిరుగుదారిలో మూడోది జరిగింది. నట్టనడి బయలు. చెట్టు లేదు, గోడ లేదు, వలల కుప్ప లేదు. సోమ్లీ కోడలికి నడుస్తూ నడుస్తూనే ఉమ్మనీరు పోయింది. బిడారు ఆగింది. మగవాళ్ళు ఎద్దులను అటు తిప్పి నిలబెట్టారు. సోమ్లీ చుట్టూ చూసింది. చూసి చూసి తిప్పక్క దగ్గరకు వచ్చింది.

“నీ వీపు కావాల” అంది.

తిప్పక్క రెండడుగులు వెనక్కి వేసింది. తాను గొడ్రాలినని, తన చెయ్యి తగిలితే బిడ్డకు మంచిది కాదని, తమ ఊళ్ళో అయితే ఇంత దగ్గరగా నిలబడనివ్వరని చెప్పింది. అన్ని మాటలు ఆమె ఒక్కసారిగా మాట్లాడింది అదే మొదలు.

సోమ్లీ అంతా విన్నది.

“బిడ్డ వచ్చేది నీలోంచి కాదు గదా” అంది. “నీ వీపు గట్టిదా, కాదా? అది చెప్పు చాలు.”

గట్టిదే అంది తిప్పక్క.

ఇద్దరినీ నేలమీద వీపుకు వీపు ఆనించి కూర్చోబెట్టింది సోమ్లీ. కోడలు గొంతుక్కూర్చుంది. ఇద్దరి మోచేతులూ వెనక నుంచి ఒకదానిలో ఒకటి మెలేసింది. తిప్పక్క మడమలు నేలలో పాతుకుంది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆ పిల్ల వెన్ను బిగుసుకునేది, బరువంతా వెనక్కి వచ్చేది. తిప్పక్క కదలలేదు. ఇన్నేళ్ళు మోసిన రాళ్ళకు ప్రాణం లేదు. ఈ బరువుకు ప్రాణం ఉంది. ఒక ప్రాణం కాదు, రెండు. ఆ నొప్పి తన వెన్నులోకి కూడా పాకుతున్నట్టు, బిడ్డ దిగుతుంటే తనలోనూ ఏదో దిగుతున్నట్టు ఆమెకు అనిపించింది.

బిడ్డ పుట్టాడు. సోమ్లీ బొడ్డు కోసి, తుడిచి, తిప్పక్క ఎదుటికి వచ్చి వాడిని ఆమె చేతుల్లో పెట్టింది. తిప్పక్క రెండు అరచేతులూ దోసిలి చేసి పట్టుకుంది. పిడికెడంత మొహం, మూసిన కళ్ళు. ఆమె వాడిని చూస్తూ అట్లాగే కూర్చుండిపోయింది. బిడారు కదలాలని ఎద్దులు మెడలు ఆడిస్తున్నా సోమ్లీ తొందరపెట్టలేదు.

బిడారు నల్లగుండ్ల పొలిమేరకు వచ్చేసరికి చెన్నమ్మకు తొమ్మిదో నెల దాటుతోంది. తిప్పక్క ఊళ్ళోకి పోలేదు. అత్త చెప్పిన మాట ప్రకారం కొండ దగ్గరే ఆగింది. పొద్దున్నే అక్కడ ఉలి చప్పుడు వినిపించాలి. వినిపించలేదు. చూస్తే ఓబన్న రాతి మీద కూర్చుని ఉన్నాడు, సుత్తి కింద పడి ఉంది. గడ్డం మాసింది, కళ్ళు ఎర్రబడ్డాయి.

చెన్నమ్మకు నొప్పులు మొదలై రెండు రోజులయిందని, బిడ్డ దిగడం లేదని చెప్పాడు. మంత్రసాని లింగవ్వ చేతులెత్తేసేలా ఉందన్నాడు. నలుగురు ఆడవాళ్ళు పట్టుకుని మంచం మీద పడుకోబెడుతుంటే, లేస్తాను లేస్తాను అని అరుస్తోందని, తెల్లవారుజాము నుంచి ఆ అరుపు కూడా లేదని చెప్పాడు.

తిప్పక్క ఊరివైపు తిరిగింది.

“పోవద్దు” అన్నాడు ఓబన్న. అని తల దించుకున్నాడు. తనే మళ్ళీ అన్నాడు. “నువ్వు పోతే ఏమైతుందో నాకు తెల్దు. పోకుంటే ఏమైతుందో తెలుసు. పో.”

ఆమె ఊళ్ళోకి నడిచింది. పట్టపగలు, నడివీధిలో. మొదటి ఇంటి దగ్గర ఒకామె అడ్డం వచ్చి, యాడికి అని అడిగింది. తిప్పక్క పక్కనుంచి పోయింది. రెండో మలుపులో ముగ్గురు ఆడవాళ్ళు చేతులు పట్టుకుని నిలబడ్డారు. ఆమె ఆగకుండా వస్తూనే ఉంటే, రాళ్ళు మోసుకొచ్చేటప్పుడు తప్పుకునే అలవాటు కొద్దీ వాళ్ళంతట వాళ్ళే తప్పుకున్నారు. మూడో అడ్డు తన ఇంటి గడప. ఆ గడప మీద నరసమ్మ కూర్చుని ఉంది.

రెండు రోజులుగా ముద్ద ముట్టని మొహం. పెద్దకోడలిని చూసి లేవలేదు.

“బిడ్డ పోతే నువ్వే చేసినావంటారు” అంది. “ఊరు కాదు. నేనే అంటా.”

“అను అత్తా. అంతా అయినాక అను.”

అప్పుడు లోపలి నుంచి సన్నగా మాట వినిపించింది. చెన్నమ్మ గొంతు. గొంతు అనడానికి లేదు, ఊపిరి.

“అక్కను రానీ అత్తా.”

నరసమ్మ కాళ్ళు ముడుచుకుంది. తిప్పక్క గడప దాటింది.

లోపల పొగ, ఉక్క. వేపాకులు కాలుస్తున్నారు. మంచం మీద చెన్నమ్మ పీల్చేసిన చెరుకు పిప్పి లాగా ఉంది. మంచం కాళ్ళ దగ్గర లింగవ్వ తల పట్టుకుని కూర్చుంది. మంచి మంత్రసానే. వందమందికి పురుడు పోసింది. కానీ చేతిలో విద్య అయిపోయింది. తిప్పక్క వాకిలి తెరిపించి పొగ బయటికి పోనిచ్చింది. పడుకోబెట్టడం ఎందుకవ్వా అని అడిగింది.

ఎందుకేమిటి, అట్లాగే గదా అంది లింగవ్వ. అని, ఏదో జ్ఞాపకం వచ్చినట్టు చెప్పుకొచ్చింది. తన అవ్వ చెప్పేదంట. వెనకటికి ఈ ఊళ్ళో కూడా అందరూ గొంతుక్కూర్చునే కనేవాళ్ళంట. గట్టుమీద కోటలో దొరసాని నిండు నెలల్లో మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుందంట. కాలు కదపలేక పడుకునే కనిందంట. దొరసానే పడుకుని కంటే మనం మట్టిలో కూర్చుని కనేదేంది అని, ఆ ఏడాది నుంచి ఊరు ఊరంతా పడుకుందంట.

చెప్పడం అయ్యాక ముసలామె తన మాటలు తానే విన్నట్టు మంచం వైపు చూసింది.

“అంటే ఆమె కాలు విరిగితే, మేం ఇన్నాళ్ళూ…” అంది. మాట పూర్తి చెయ్యలేదు. లేచి, చెన్నమ్మ భుజాల కింద చెయ్యి పెట్టింది.

ఇద్దరూ కలిసి చెన్నమ్మను లేపారు. ఎట్లా ఉంటే హాయిగా ఉందో నువ్వే చెప్పు అంది తిప్పక్క. మొదట దూలానికి తాడు వేసి, కొండమీద కొమ్మ పట్టుకున్నట్టు పట్టుకోమన్నారు. చెన్నమ్మ నిలబడింది, ఊగింది. కానీ రెండు రోజులు పడుకున్న కాళ్ళు, నిలవలేదు. తర్వాత జొన్నల మూట మీద రొమ్ము ఆనించి మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు, సముద్రం ఒడ్డున లాగా. అట్లా చాలాసేపు ఉంది. నడుములో పోటు తగ్గిందక్కా అంది. లింగవ్వ చెయ్యి పెట్టి చూసి, ఆశ్చర్యంగా, తల దారిలోకి తిరిగింది అంది. ఇంక తొయ్యాలి. తోసే బలం లేదు. మూట మీద చేతులు జారిపోతున్నాయి.

అప్పుడు తిప్పక్క నేలమీద కూర్చుంది. వీపు తిప్పింది. ఆనుకో అంది.

చెన్నమ్మ ఆనుకోలేదు. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

“నిన్ను తోసేసి నీ చోట్లోకి వచ్చినదాన్ని అక్కా. ఇప్పుడు నీమీదే యెట్ల ఆనుకొనేది?”

తిప్పక్కకు ఆ మధ్యాహ్నం, ఉప్పు కుప్ప, ఆ పాట గుర్తొచ్చాయి. దాచుకోవచ్చు. దాచుకుంటే ఎవరికీ తెలియదు. ఆమె తల తిప్పకుండానే చెప్పింది.

“నేను కూడా ఒకరోజు నీ బిడ్డ నిలవగూడదు అనుకున్నా. ఒక్కరోజే. ఆ మాట ఇంకా నా వీపు మీదే ఉండాది చెన్నీ. దించుకోనీ. ఆనుకో.”

లింగవ్వ ఒకసారి తిప్పక్క మొహం చూసి, ఒకసారి చెన్నమ్మ మొహం చూసింది.

చెన్నమ్మ ఆనుకుంది.

మోచేతులు మెలేసుకున్నారు. నొప్పి వచ్చింది, చెన్నమ్మ వెనక్కి తోసింది, తిప్పక్క నిలిచింది. నొప్పి పోయింది, ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. మళ్ళీ వచ్చింది, తోసింది, నిలిచింది. మళ్ళీ వచ్చింది. పట్టుకున్న నలుగురు ఆడవాళ్ళకూ ఇప్పుడు పట్టుకునే పని లేదు. ఒకామె నీళ్ళలో తడిపిన బట్ట తెచ్చి చెన్నమ్మ నుదురు తుడిచింది. తర్వాత ఏమనుకుందో, తిప్పక్క నుదురు కూడా తుడిచింది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి బిడ్డ లింగవ్వ చేతుల్లో పడింది. ఆడపిల్ల. ఏడవలేదు. లింగవ్వ కాళ్ళు పట్టి తలకిందులు చేసి వీపు రుద్దింది. ఏడవలేదు. నోట్లో వేలు పెట్టి జిగురు తీసి మళ్ళీ రుద్దింది. మూడోసారి రుద్దితే కీచుమని ఒక గొంతు లేచింది. గడప మీద కూర్చున్న నరసమ్మ ఆ గొంతు విని గోడ పట్టుకుని లేచింది.

మాయ ఇంకా పడలేదు, లింగవ్వకు రెండు చేతులూ కావాలి. బొడ్డు కోసి, బిడ్డను ఎవరికివ్వాలా అని చూసింది. దగ్గరగా ఖాళీగా ఉన్న చేతులు తిప్పక్కవే. ఇచ్చేసింది. నరసమ్మ లోపలికి వచ్చింది సరిగ్గా అప్పుడే. తొలి చూలు మనవరాలు గొడ్రాలి చేతుల్లో ఉంది. గదిలో ఆడవాళ్ళందరూ బిగుసుకుపోయారు.

ఏమీ జరగలేదు. బిడ్డ తిప్పక్క చీర మీద వెచ్చగా ఉచ్చ పోసింది, అంతే. చెన్నమ్మ అలసిపోయిన మొహంతోనే నవ్వింది.

నరసమ్మ పొయ్యి దగ్గరకు పోయింది. బిడ్డకు నీళ్ళు తెస్తుందనుకున్నారు. గిన్నెలో ఆముదం వెచ్చచేసి తెచ్చింది. పెద్దకోడలి వెనక కూర్చుని, రవిక ముడి విప్పి, ఎర్రగా కమిలిన ఆ వీపుకు మెల్లగా రాయడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళలో ఆమె ఆ వీపును తాకడం అదే తొలిసారి. రాస్తూ రాస్తూ, ఎంత గట్టి వీపమ్మా అంది. గడప మీద నేనే అంటానన్న మాట ఎన్నటికీ అనలేదు.

నెల తిరక్కుండానే పక్కవీధి నుంచి పిలుపు వచ్చింది. ఆ రోజు నడివీధిలో చేతులు పట్టుకుని అడ్డం నిలబడిన ముగ్గురిలో ఒకామె కూతురికి. తర్వాత పక్క ఊరి నుంచి, తర్వాత ఏటి ఇవతల నుంచి. లింగవ్వ ముందు కూర్చునేది, తిప్పక్క వెనక కూర్చునేది. నొప్పుల మనిషి ఎట్లా ఉంటానంటే అట్లా ఉండనిచ్చేవాళ్ళు. ఒకామె నిలబడి కనింది. ఒకామె నాలుగు కాళ్ళ మీద, పాకే బిడ్డ లాగా ఉండి కనింది. ఒకామె పక్కకు ఒత్తిగిలి పడుకుంటానంటే పడుకోనిచ్చి, తిప్పక్క ఆమె వెనక పడుకుని వీపు ఆనించింది. కనేది ఆమె గదా, మనం కాదు గదా అనేది.

అందరూ బతికారని చెప్తే అది అబద్ధం. ఒక ఊళ్ళో, ఎంత చేసినా ఒక తల్లి నిలవలేదు. పోయిందని లింగవ్వ కళ్ళు మూసి చెప్పాక కూడా తిప్పక్క లేవలేదు. ఆ వీపు చల్లబడేదాకా తన వీపు తియ్యలేదు. ఆ తర్వాత మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఇంకో ఊరి నుంచి మనిషి వస్తే లేచి వెంట నడిచింది.

ఏళ్ళు గడిచాయి. లింగవ్వ పోయింది. నరసమ్మ పోయింది. ఓబన్న కూడా పోయాడు. చెన్నమ్మ ముగ్గురు బిడ్డలను కనింది, ముగ్గురినీ తిప్పక్క వీపుకు ఆనుకునే కనింది. ఆ ముగ్గురూ ఇద్దరినీ అమ్మా అనేవాళ్ళు. ఎవరిని పిలుస్తున్నారో తెలియక ఇద్దరూ ఒకేసారి పలికేవాళ్ళు. తిప్పక్క వీపు కొడవలి లాగా వంగింది. వంగినా పిలిస్తే పోయేది. ఒక వేసవి పొద్దున, ఎండ తగులుతుందని ఇంటి ముందు గోడకు ఆనుకుని కూర్చుని, అట్లాగే ప్రాణం విడిచింది. నల్లగుండ్లలో పోయినవాళ్ళను పడుకోబెట్టి పూడ్చేవాళ్ళు. ఆ వంగిన వీపు పడుకోవడానికి ఒప్పుకోలేదు. కూర్చోబెట్టే పూడ్చారు. మట్టి వేసేటప్పుడు ఎంతమంది ఆడవాళ్ళు వచ్చారంటే, పిడికెడు పిడికెడు వేస్తేనే గుంత నిండింది. పార అవసరం రాలేదు.

మూడో రోజు మధ్యాహ్నం, వీధి చివరి ఇంటి కోడలు సుంకమ్మకు నొప్పులు వచ్చాయి. తొలి కాన్పు. తొమ్మిది నెలలూ తిప్పక్క ఉంది గదా అని ధైర్యంగా ఉన్న పిల్ల. ఇప్పుడు ఒకటే ఏడుపు. నా వెనక ఎవరు కూర్చుంటారు, నేను కనలేను, నాకు చేతకాదు అని. ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అంత వీపు ఎవరికుంది?

ఇంట్లో చావు మైల ఇంకా తీరలేదు. అయినా చెన్నమ్మ వచ్చింది. ఆమె జుట్టు అప్పటికి నెరిసింది. మొదటి నుంచీ సన్నటి మనిషి, ఇప్పుడు ఇంకా సన్నబడింది. రాయి అన్నది ఎన్నడూ మోసి ఎరగదు. వచ్చి, సుంకమ్మ వెనక నేలమీద కూర్చుని, మడమలు పాతుకుని, వీపు ఆనించింది.

సుంకమ్మ కళ్ళు మూసుకుని ఉంది. నొప్పిలో, ఏడుపులో, వెనక తగిలిన వెచ్చదనం ఎవరిదో తెలియలేదు.

“ఎనక ఎవరు?” అంది.

చెన్నమ్మకు తన పేరు చెప్పాలని తోచలేదు. అనుకుని అన్న మాట కాదు. నోటికి వచ్చింది, అనేసింది.

“తిప్పక్కను. ఆనుకో.”

సుంకమ్మ ఆనుకుంది. ఆ సన్నటి వీపు కదలలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు, ఏడుపు వినిపించకుండా. పొద్దు వాలేలోపు మగబిడ్డ పుట్టాడు.

ఆ ఊరి పేరు ఇప్పుడు నల్లగుండ్ల కాదు. కొండలో సగం ఇళ్ళయిపోయింది, సగం బాటయిపోయింది. కానీ ఆ వైపు ఊళ్ళలో ఇవాళ్టికీ నొప్పులొచ్చిన మనిషిని పడుకో అని ఎవరూ అనరు, ఎట్లా ఉంటే హాయి అని అడుగుతారు. వాడలో పిల్లల్లేని ఆడది ఎవరైనా ఉంటే ముందు ఆమె గడపకే పోయి పిలుస్తారు. ఆమె వచ్చి వెనక కూర్చుంటుంది. బిడ్డ పుట్టగానే తొలిసారి ఆమె చేతుల్లోనే పెడతారు, ఆ తర్వాతే ఎవరైనా.

ఇప్పుడు కాన్పులన్నీ ఆసుపత్రిలోనే గదా. అక్కడ కొత్తగా వచ్చిన నర్సులకు మొదట్లో అర్థం కాదంట. నొప్పుల మనిషి కళ్ళు మూసుకుని, వెనక తల్లే ఉందని తెలిసి కూడా, అత్తే ఉందని తెలిసి కూడా, ఎనక ఎవరు అని అడుగుతుంది. ఉన్నది ఎవరైనా కానీ, గంగులమ్మ కానీ, మస్తానమ్మ కానీ, మేరీ కానీ, ఒక్కటే జవాబు చెప్తారు.

తిప్పక్కను. ఆనుకో.